నెలలు నిండని శిశువుల పేగు బాక్టీరియా, నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్: హామిల్టన్ పరిశోధనలు

నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ నెలలు నిండకముందే పుట్టిన శిశువులకు, ముఖ్యంగా 1,500 గ్రాముల కంటే తక్కువ బరువున్నవారికి వచ్చే ప్రాణాంతకమైన పేగు వ్యాధి. చిన్నపేగు చివరి భాగంలోనో పెద్దపేగులోనో గోడ వాచి, కణజాలం చచ్చిపోవడం దీని లక్షణం. అంత తక్కువ బరువున్న శిశువుల్లో నూటికి సుమారు 5 నుంచి 7 మందికి ఇది వస్తుందనీ, వచ్చినవారిలో 20 నుంచి 30 శాతం మంది మరణిస్తారనీ అంచనా. అప్పటిదాకా పాలు తాగుతూ కోలుకుంటున్న బిడ్డకు పుట్టిన కొన్ని వారాలకు ఉన్నట్టుండి పొట్ట ఉబ్బడం, మలంలో రక్తం పడటం మొదలవుతుంది. ఎక్స్‌రేలో పేగు గోడ లోపల గాలి బుడగలు కనిపిస్తే వ్యాధి నిర్ధారణ అయినట్టే. తీవ్రతను బట్టి దీనిని మూడు దశలుగా విభజించే పద్ధతిని 1978లో మార్టిన్ బెల్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. చికిత్సలో భాగంగా పాలు ఆపి, యాంటీబయాటిక్‌లు, రక్తనాళం ద్వారా పోషణ ఇస్తారు. పేగుకు చిల్లు పడితే శస్త్రచికిత్స తప్పదు. పేగు ఎక్కువ భాగం తీసివేయవలసి వచ్చిన పిల్లలు బతికి బయటపడినా పోషకాలను గ్రహించలేని స్థితితో ఏళ్ల తరబడి పోరాడవలసి వస్తుంది.

ఈ వ్యాధికి ఫలానా సూక్ష్మజీవి కారణమని ఇంతవరకు తేలలేదు. పేగులో ఏ జాతులు ఏ వరుసలో స్థిరపడుతున్నాయన్నదే అసలు ప్రశ్న. నెలలు నిండి, తల్లిపాలు తాగే బిడ్డ పేగులో సాధారణంగా బిఫిడోబాక్టీరియం జాతులు పెరుగుతాయి. ఇంక్యుబేటర్‌లో యాంటీబయాటిక్‌ల మధ్య, గొట్టం ద్వారా పాలు అందుకునే శిశువు పేగులోకి మాత్రం ఆసుపత్రి వాతావరణంలోని క్లెబ్సియెల్లా, ఎంటెరోబాక్టర్ వంటివి ముందుగా చేరుతాయి. వ్యాధి బయటపడటానికి ముందే ఇలాంటి గామాప్రోటియోబాక్టీరియా వర్గం పెచ్చుపెరుగుతుందని అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2016లో చూపింది. వీటి పైపొరలోని లైపోపాలిసాకరైడ్ అనే పదార్థాన్ని పేగు కణాల మీది టోల్ లైక్ రిసెప్టర్ 4 గుర్తిస్తుంది. నెలలు నిండని పేగులో ఈ గ్రాహకం ఎక్కువగా ఉండటంతో స్పందన అదుపు తప్పి, కణాలు చనిపోయి, రక్తనాళాలు కుంచించుకుపోతాయి. శిశువును కాపాడటానికి పుట్టగానే మొదలుపెట్టే యాంటీబయాటిక్‌లను, ఇన్ఫెక్షన్ రుజువు కాకపోయినా, 5 రోజులు లేదా అంతకు మించి కొనసాగించిన శిశువుల్లో ఈ వ్యాధి, మరణం ఎక్కువగా ఉన్నాయని 2009 నాటి అధ్యయనం తెలపడం ఈ చికిత్సలోని బాధాకరమైన చిక్కు.

మేలు చేసే బాక్టీరియాను, అంటే ప్రోబయాటిక్‌లను, ముందే ఇస్తే ఈ అసమతౌల్యం తప్పుతుందా అన్న ప్రశ్నపై అనేక దేశాల్లో ప్రయోగాలు జరిగాయి. అయితే ఒక్కొక్క ప్రయోగం ఒక్కొక్క జాతిని వాడటంతో ఫలితాలను పోల్చడం కష్టమైంది. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని హామిల్టన్ నగరంలో ఉన్న, సాక్ష్యాధారిత వైద్యానికి పుట్టినిల్లుగా పేరున్న మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఈ చెల్లాచెదురు ఆధారాలను తూచే పనిని భుజాన వేసుకుంది. రెబెకా మోర్గన్, బెహ్‌నమ్ సాదెఘిరాద్ తదితరుల బృందం 2020లో 63 ప్రయోగాలను, 15,712 మంది శిశువుల వివరాలను ఒకచోట చేర్చి, నేరుగా పోల్చని చికిత్సలను కూడా పరోక్షంగా పోల్చగల గణాంక పద్ధతితో విశ్లేషించింది. లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం జాతులను కలిపి ఇచ్చినప్పుడు మరణాలు, తీవ్రమైన పేగు వ్యాధి తగ్గాయని తేల్చింది. మెక్‌మాస్టర్ పరిశోధకులు పాలుపంచుకున్న 2023 నాటి మరో విశ్లేషణ 106 ప్రయోగాలను, 25,840 మందిని పరిశీలించి, పలు జాతుల మిశ్రమంతో మరణాలు వెయ్యికి సుమారు 17 చొప్పున తగ్గుతాయని లెక్కగట్టింది. ఇంత చవకైన మందుకు ఇది చిన్న ప్రయోజనం కాదు.

అయినా నిర్ణయం సులభం కాలేదు. ఇంగ్లండ్‌లో 1,315 మందిపై జరిగిన పిప్స్ ప్రయోగంలో బిఫిడోబాక్టీరియం బ్రీవే ఒక్కటే ఇస్తే ఏ మేలూ కనిపించలేదు. పైగా మందు ఇవ్వని శిశువుల్లో దాదాపు సగం మంది పేగుల్లోకి కూడా ఆ బాక్టీరియా చేరింది. వార్డులో సూక్ష్మజీవులు ఎంత సులభంగా ఒకరి నుంచి మరొకరికి పాకుతాయో దీనివల్ల తెలుస్తుంది. 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం కొన్ని నిర్దిష్ట మిశ్రమాలను షరతులతో సిఫారసు చేయగా, మరుసటి ఏడాది అక్కడి శిశువైద్యుల అకాడమీ, ముఖ్యంగా 1,000 గ్రాముల లోపు శిశువులకు, వాటిని అందరికీ మామూలుగా ఇవ్వడాన్ని సమర్థించలేదు. 2023లో ప్రోబయాటిక్ ఇచ్చిన ఒక శిశువు అదే బాక్టీరియా రక్తంలో చేరి మరణించడంతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వైద్యులను హెచ్చరించింది. మందుల స్థాయి నాణ్యతా నియమాలతో తయారయ్యే ఉత్పత్తులు లేకపోవడమే ఇక్కడ ప్రధాన లోపమని చెప్పాలి.

పాల విషయంలో ఇంత వివాదం లేదు. కేవలం డబ్బాపాలు తాగిన శిశువులకు ఈ వ్యాధి, కేవలం తల్లిపాలు తాగినవారి కంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా వచ్చిందని 1990లోనే లూకాస్, కోల్ ప్రకటించారు. తల్లిపాలు చాలని శిశువులకు దాతల పాలు ఇచ్చి చూసిన ఒంటారియో ప్రయోగం ఫలితాలు 2016లో వెలువడ్డాయి; అందులో అప్పటి మెక్‌మాస్టర్ వైద్యుడు క్రిస్టోఫ్ ఫుష్ కూడా పాల్గొన్నారు. అందులో 363 మందిని పరిశీలించగా, రెండో దశ లేదా అంతకు మించిన వ్యాధి దాతల పాల వర్గంలో 1.7 శాతం, డబ్బాపాల వర్గంలో 6.6 శాతం కనిపించింది. ఆసియాలో తొలి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో మొదలు కాగా, తెలుగునాట హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి తల్లిపాల బ్యాంకు ఏర్పడింది. దాతల పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేయడంతో హానికర సూక్ష్మజీవులతో పాటు మేలు చేసేవీ, కొంత రోగనిరోధక ప్రోటీనూ నశిస్తాయి. బిఫిడోబాక్టీరియాకు ఆహారమయ్యే ఒలిగోసాకరైడ్ చక్కెరలు మాత్రం చాలావరకు నిలుస్తాయి. అందుకే నవజాత శిశు కేంద్రాల్లో తల్లి పిండి ఇచ్చే పాలకే మొదటి స్థానం ఇచ్చి, అవి చాలనప్పుడే దాతల పాలను వాడతారు.