దండనకు ముందు ఒక ప్రశ్న

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అను సామెత మనకందరకును తెలిసినదే. పిల్లలను మందలించుటకు ఆ సామెతను వాడుకొనువారే గాని, మొక్క వంకరగా పెరుగుటకు కారణమేమని అడుగువారు తక్కువ. నీడ పడినదా, నేల రాతినేలయా, ఎవరైన త్రొక్కిరా అని తోటమాలి విచారించును. న్యాయస్థానము మాత్రము చిరకాలము అట్లు విచారింపలేదు. నేరము జరిగెనా, చేసినది ఇతడేనా, దండన యెంత అను మూడు ప్రశ్నలతో దాని పని ముగియుచుండెను. ‘ఇతడిట్లేల చేసెను’ అను నాల్గవ ప్రశ్న న్యాయస్థానమున ప్రవేశించిన చరిత్రను, దానికి సమాధానము చెప్పదగిన వారిని తీర్చిదిద్దుటకు జరిగిన కృషిని ఈ ప్రసంగమున సంగ్రహముగా మనవి చేయదలచితిమి.

ఆ ప్రశ్న మొదట మతిస్థిమితము లేనివారి విషయమున చట్టమునకు ఎదురయ్యెను. 1843లో లండను నగరమున డేనియల్ మెక్‌నాటన్ అనునతడు ప్రధానమంత్రి పీల్ గారి కార్యదర్శియైన డ్రమ్మండును తుపాకితో కాల్చెను. డ్రమ్మండు కొన్ని దినములకు మరణించెను. రాజకీయ పక్షమొకటి తన్ను వెంటాడి హింసించుచున్నదని మెక్‌నాటన్ భ్రమ. వైద్యుల సాక్ష్యమును విని, ఉన్మాద కారణమున అతడు దోషి కాడని జూరీవారు తీర్పు చెప్పిరి. అతడు శేషజీవితమంతయు ఉన్మాదుల ఆసుపత్రులలోనే గడపెను. ఆ తీర్పునకు జనులలో అలజడి చెలరేగగా, ప్రభువుల సభవారు న్యాయమూర్తులను పిలిచి వారి అభిప్రాయములనడిగిరి. తాను చేయుచున్న పని యెట్టిదో, అది తప్పో కాదో తెలిసికొనలేని మనోవ్యాధి ఉన్నవానినే ఉన్మాది యని విడువవలెనని వారు చెప్పిన నియమము మెక్‌నాటన్ సూత్రముగా ప్రసిద్ధికెక్కెను. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 84వ సెక్షను ఆ మార్గముననే వ్రాయబడెను. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదియే 22వ సెక్షనుగా కొనసాగుచున్నది.

అయితే ఈ సూత్రము ‘అవును’, ‘కాదు’ అను రెండు మాటలనే ఎరుగును. పిచ్చివాడు కాని పదునాలుగేండ్ల బాలుడు మాటిమాటికి దొంగతనము చేయుచుండిన, అతనిని గూర్చి ఈ సూత్రము చెప్పునది ఏమియు లేదు. ఆ బాలుని కొరకే క్రొత్తవిద్య యొకటి పుట్టవలసివచ్చెను.

ఆ విద్యకు పునాది పడినది ఫిలడెల్ఫియాలో. అచ్చటి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున లైట్నర్ విట్మర్ 1896లో పిల్లల కొరకు మనస్తత్వ చికిత్సాలయమును ప్రారంభించెను. 1907లో ‘క్లినికల్ సైకాలజీ’ అను పేరుతోనే వ్యాసము వ్రాసి ఆ విద్యకు నామకరణము చేసినదియు అతడే. మరుసటి యేడు హార్వర్డు ఆచార్యుడు హ్యూగో మన్‌స్టర్‌బర్గ్ సాక్షుల జ్ఞాపకశక్తి ఎంత నమ్మదగినదో చర్చించుచు ఒక గ్రంథమును ప్రకటించి, న్యాయవాదులు మనస్తత్వశాస్త్రమును పట్టించుకొనుట లేదని ఆక్షేపించెను. న్యాయవాదులు అతనిని తీవ్రముగ ఎదుర్కొనిరి. ఈ మన్‌స్టర్‌బర్గ్ వద్ద చదివిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తాయే తరువాత కలకత్తా విశ్వవిద్యాలయమున మన దేశపు తొలి మనస్తత్వ ప్రయోగశాలను నెలకొల్పెనని మనము గుర్తుంచుకొనవలెను.

ఇక న్యాయస్థానపు గడపలో నిలిచి పనిచేసిన మొదటివాడు విలియం హీలీ. ఆయన 1869లో ఇంగ్లండులో జన్మించి, బాల్యముననే తల్లిదండ్రులతో అమెరికా చేరెను. బీదతనముచే చిన్నతనమున బ్యాంకిలో ఉద్యోగము చేసి, పిమ్మట హార్వర్డులో చదివి, వైద్యవిద్య ముగించి, షికాగోలో నరముల వైద్యుడుగా స్థిరపడెను. ఆ నగరమున 1899లో అమెరికా దేశపు తొలి బాలల న్యాయస్థానము వెలసియుండెను. పిల్లలను పెద్దల జైళ్లకు పంపరాదను సదుద్దేశము దానికి కలదు. కాని మరల మరల పట్టుబడి వచ్చు బాలుని ఎదుట న్యాయాధిపతికి తోచునది ఏమియు లేకుండెను. ఎథెల్ డమ్మర్ అను వదాన్యురాలు ద్రవ్యమొసగగా, జూలియా లేథ్రాప్ మున్నగువారు పూనుకొనగా, 1909లో ఆ న్యాయస్థానమునకు అనుబంధముగ ఒక పరిశోధనాలయము ఏర్పడెను. దానికి హీలీ అధిపతి. గ్రేస్ ఫెర్నాల్డ్ మనస్తత్వవేత్త.

అప్పటికి నేరస్థుని గూర్చి సిద్ధాంతములకు కొదువలేదు. నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడనియు, అది వాని ముఖకవళికలలో కనబడుననియు ఇటలీ వైద్యుడు లాంబ్రోజో 1876లో ప్రకటించియుండెను. బుద్ధిమాంద్యమే నేరమునకు మూలమని హెన్రీ గోడార్డ్ వంటివారు వాదించుచుండిరి. హీలీ ఏ సిద్ధాంతమును ముందుగా చేపట్టలేదు. ఒక్కొక్క బాలుని దేహపరీక్ష, బుద్ధిపరీక్ష చేయించి, ఇంటి సంగతులు, బడి సంగతులు సేకరించి, చివరకు ఆ బాలుని కూర్చుండబెట్టి, ‘నీ కథ నీవు చెప్పుము’ అని అడుగుచుండెను. న్యాయస్థానములో ఆ బాలుని గూర్చి అందరు మాటలాడిరి. అతనిచే మాటలాడించినవారు లేరు. మాకు ఈ ఒక్క అలవాటే హీలీ చేసిన పనులలోకెల్ల పెద్దపనిగా తోచుచున్నది.

ఎనిమిది వందలకు పైగా బాలబాలికల చరిత్రలను పరిశీలించి ఆయన 1915లో ‘ది ఇండివిడ్యువల్ డెలిన్‌క్వెంట్’ అను బృహద్గ్రంథమును ప్రకటించెను. నేరమునకు ఏకైక కారణమనునది లేదనియు, ఒక్కొక్కనిలో అనేక కారణములు పెనవేసికొనియుండుననియు, బుద్ధిమాంద్యము గలవారు అందులో కొందరే యనియు అది తేల్చెను. పుట్టు నేరస్థుడు అను భూతమును పారద్రోలిన గ్రంథములలో ఇది ముఖ్యమైనది.

ఈ కృషిలో ఆయనకు తోడుగా నిలిచినది అగస్టా బ్రానర్. ఆమె ఉపాధ్యాయిని, కొలంబియాలో థార్న్‌డైక్ వద్ద డాక్టరేటు కొరకు చదువుచు, 1913 వేసవిలో హార్వర్డున హీలీ చెప్పిన పాఠములకు విద్యార్థినిగా వచ్చెను. బాలనేరస్థురాండ్ర తెలివిని గూర్చి ఆమె వ్రాసిన సిద్ధాంతవ్యాసము కూడ బుద్ధిమాంద్యవాదమునకు విరుద్ధముగనే నిలిచెను. ఆమె షికాగో పరిశోధనాలయమున మనస్తత్వవేత్తగా చేరెను. 1917లో ఇరువురును బోస్టను నగరమునకు తరలి, అక్కడి బాలల న్యాయస్థానపు మొదటి న్యాయాధిపతి జడ్జి బేకర్ స్మారకముగ వెలసిన సంస్థను నడిపిరి. వైద్యుడు, మనస్తత్వవేత్త, ఇంటింటికి తిరిగి విచారించు సంఘసేవిక, ఈ ముగ్గురును ఒక్క బల్లచుట్టు కూర్చుండి ఒక బాలుని విషయమును చర్చించు పద్ధతి అక్కడ స్థిరపడెను. శిష్యులు నేర్చుకొనినది ఆ బల్ల చుట్టుననే. 1922 నుండి కామన్‌వెల్త్ ఫండ్ అను ధర్మనిధి సాయముతో అమెరికాలోని అనేక నగరములలో బాలమార్గదర్శక చికిత్సాలయములు వెలసినపుడు, అవి అనుసరించిన పద్ధతి ఇదియే. హీలీ, బ్రానర్‌లు 1932లో వివాహము చేసికొనిరి.

ఇంతవరకు విజయగాథవలె నున్నది. కాని చరిత్ర చెప్పువారు అపజయమును దాచరాదు. 1934లో హార్వర్డు పరిశోధకులు షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్ దంపతులు, బోస్టను న్యాయస్థానము జడ్జి బేకర్ సంస్థకు పరీక్షార్థమై పంపిన వేయిమంది బాలనేరస్థుల చరిత్రను వెలువరించిరి. ఐదేండ్ల కాలములో వారిలో నూటికి 88 మంది మరల నేరములు చేసిరని తేలెను. ఇన్ని పరీక్షలకు, ఇన్ని నివేదికలకు ఫలితమిదియేనా యని లోకము ప్రశ్నించెను. చికిత్సాలయము పరీక్షించి సలహా వ్రాయుచుండెను. ఆ సలహాను నెరవేర్చుటకు ఇల్లు, బడి, వాడ, న్యాయస్థానము సిద్ధముగా లేకుండెను. చీటి వ్రాసియిచ్చి, మందుల అంగడి లేని ఊరికి రోగిని పంపినట్లయ్యెను.

హీలీ, బ్రానర్‌లు కోపింపలేదు. మరల పనికి పూనుకొనిరి. 1936లో వారు ప్రకటించిన గ్రంథమున 105 మంది నేరస్థులైన పిల్లలను, అదే ఇంట పెరిగియు నేరము చేయని వారి తోబుట్టువులతో సరిపోల్చిరి. నేరము చేసినవారిలో నూటికి 91 మంది తమకు ప్రేమ దక్కలేదనియో, తాము తక్కువవారమనియో లోలోన తీవ్రమైన మనోవేదన అనుభవించినవారు; తోబుట్టువులలో అట్టివారు నూటికి 13 మంది మాత్రమే. ఒకే కప్పు క్రింద పెరిగినంత మాత్రమున ఇద్దరు పిల్లల ఇల్లు ఒకటే కాదని ఈ లెక్క చెప్పుచున్నది. తమ వైఫల్యమునే పాఠముగ చేసికొన్న ఈ గురువులను మేము ఇందులకే గౌరవించుచున్నాము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ విద్యకు కట్టుదిట్టములు వచ్చెను. గాయపడిన మనసులతో తిరిగివచ్చిన సైనికులకు వైద్యులు చాలకపోగా, 1946లో అమెరికా ప్రభుత్వము మనస్తత్వవేత్తల శిక్షణకు పూనుకొనెను. 1949లో కొలరాడో రాష్ట్రపు బౌల్డరు పట్టణమున ఆచార్యులు సమావేశమై, చికిత్సా మనస్తత్వవేత్త పరిశోధకుడుగను, చికిత్సకుడుగను రెండు విధముల శిక్షణ పొందవలెననియు, పెద్దల పర్యవేక్షణలో ఒక యేడు పనిచేయవలెననియు నిర్ణయించిరి. ఆ శిక్షణ విలువ 1962లో న్యాయస్థానమున తేలెను. జెంకిన్స్ అను ముద్దాయి విచారణలో ముగ్గురు మనస్తత్వవేత్తలు సాక్ష్యమీయగా, వారు వైద్యులు కారు గనుక మనోవ్యాధిని గూర్చిన వారి మాటను లెక్కింపవద్దని న్యాయాధిపతి జూరీకి చెప్పెను. వాషింగ్టను అప్పీలు న్యాయస్థానము ఆ ఆదేశము తప్పనెను. పట్టము ఏదియని గాక, శిక్షణయు అనుభవమును ఎట్టివని విచారింపవలెనని దాని తీర్పు సారాంశము.

హక్కుతో బాధ్యతయు వచ్చెను. చికిత్సకుని వద్దకు వచ్చువాడు తన రహస్యము దాగునని నమ్మి చెప్పుకొనును. న్యాయస్థానము పంపగా పరీక్షించువాడు విన్నది న్యాయస్థానమునకు చేరును. ఈ తేడాను ముందుగా చెప్పని పరీక్ష మోసమగును. టెక్సాస్ రాష్ట్రమున ఒక ముద్దాయిని వైద్యుడొకడు పరీక్షించి, అతడు చెప్పిన మాటల ఆధారముననే, ఇతడు ముందును ప్రమాదకారియే యని మరణదండనకు అనుకూలముగ సాక్ష్యమిచ్చెను. మౌనము వహించు హక్కు కలదని ఆ ముద్దాయికి ఎవరును చెప్పియుండలేదు. 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఆ మరణదండన చెల్లదనెను. మన దేశమునను 2010లో సుప్రీంకోర్టు, సమ్మతి లేకుండ మందు ఎక్కించి గాని, యంత్రములు తగిలించి గాని నిందితుని మనసు శోధింపరాదని తీర్పు చెప్పెను. మనసు కూడ ఒక ఇల్లే. పిలువక లోనికి పోరాదు.

మన దేశమున ఈ విద్య మెల్లగ వేళ్లూనెను. మైసూరు విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రాచార్యుడైన ఎం. వి. గోపాలస్వామి గారు 1935లో తన ఇంటనే ఆకాశవాణి యను పేరుతో రేడియో కేంద్రమును నెలకొల్పిరి. మనసులను చదువువాడే మాటను గాలిలో పంపుటకును పూనుకొనెనన్నమాట. 1937లో బొంబాయి సంఘసేవా విద్యాలయము బాలమార్గదర్శక చికిత్సాలయమును తెరచెను. 1954లో బెంగుళూరున అఖిలభారత మానసికారోగ్య సంస్థ వెలసి, మరుసటి యేడు నుండి చికిత్సా మనస్తత్వవేత్తలకు శిక్షణనీయ నారంభించెను; 1974లో అదియే నిమ్హాన్స్‌గా రూపొందెను. 1992 నాటి పునరావాస మండలి చట్టము ఈ వృత్తిలోని వారికి పట్టికలో నమోదును ఏర్పరచెను.

చట్టమును ఆగలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు చేరియున్న మద్రాసు రాజధానిలో 1920లోనే బాలల చట్టము పుట్టెను. దేశమున అట్టివానిలో అదియే మొదటిది. 2015 నాటి బాలన్యాయ చట్టము పదునారేండ్లు నిండిన బాలుడు ఘోరనేరము చేసెనని ఆరోపణ వచ్చినపుడు, అతని మానసిక, శారీరక సామర్థ్యమును, ఫలితమును గ్రహింపగల శక్తిని, నేరము జరిగిన పరిస్థితులను మండలివారు ముందుగా మదింపు చేయవలెనన్నది. ఆ మదింపును బట్టియే అతనిని బాలుడుగ విచారింతురో, పెద్దవానిగ విచారింతురో నిశ్చయమగును. అందులకు మనస్తత్వవేత్తల సాయము ‘తీసికొనవచ్చును’ అని చట్టము. మండలిలో ఆ విద్య నేర్చినవారు లేనపుడు ఆ మాటను ‘తీసికొనవలెను’ అనియే గ్రహింపవలెనని 2022లో సుప్రీంకోర్టు నిర్దేశించెను.

ఒక్క మాట మార్పుతో ఎంత బాధ్యత వచ్చినదో చూడుడు. ఒక బాలుని మిగిలిన బ్రతుకు కొన్ని పుటల నివేదికపై ఆధారపడుచున్నది. ఆ నివేదిక వ్రాయువారికి బుద్ధిపరీక్షల పెట్టె తెరచుట వచ్చిన చాలదు. చట్టము తెలియవలెను, ఇంటిని, వాడను చూచి రావలెను, తనకు తెలియని దానిని తెలియదని వ్రాయు ధైర్యము ఉండవలెను. తొందరపాటుతో వ్రాసిన నివేదిక, అసలు నివేదిక లేకుండుట కంటె ప్రమాదకరము. ఏలయన దానికి శాస్త్రమను ముద్ర ఉండును. కావున ఈ విద్యలో ప్రవేశించు యువకులకు, వారిని తీర్చిదిద్దు గురువులకు మా మనవి ఒక్కటే. షికాగో న్యాయస్థానపు ప్రక్కగదిలో నూరేండ్లకు పూర్వము అడిగిన ఆ చిన్నమాటను మరువవద్దు. లెక్కలు కట్టుటకు ముందు, అభిప్రాయము వ్రాయుటకు ముందు, ఎదుట కూర్చున్న బాలుని ‘నీ కథ నీవు చెప్పుము’ అని అడుగుడు. అతడు చెప్పుట ముగించువరకు వినుడు.