వచ్చే నెల ఎవరి చేతిలో?

షికాగో ఓహేర్ విమానాశ్రయాన్ని ఆనుకుని రోజ్‌మాంట్ అని ఒక చిన్న ఊరు. ఎటు చూసినా హోటళ్లే. వాటిలో ఒకదాని సమావేశ మందిరంలో, వెనక నుంచి రెండో వరసలో మీరు కూర్చున్నారు. నవంబరు సాయంత్రం, ఆరున్నర. గోడ వారగా చక్రాల పెట్టెలు బారులు తీరి ఉన్నాయి. సగం మంది యూనిఫాంలోనే వచ్చారు. మెడలో స్కార్ఫ్ వదులు చేసుకుని, బూట్లలోంచి మడమలు బయటికి లాక్కుని, కాగితం కప్పుల్లో కాఫీ తాగుతున్నారు. ఒకాయన ఇప్పుడే సియాటిల్ నుంచి దిగాడు. మీ ముందు వరసలో ఉన్న అమ్మాయి మాటిమాటికీ ఫోన్ చూసుకుంటోంది. ఆమె ఇవాళ రిజర్వ్‌లో ఉంది. ఫోన్ మోగితే ఎక్కడున్నా లేచి విమానాశ్రయానికి పరుగెత్తాల్సిందే.

వీళ్లంతా ఒకే విమానయాన సంస్థలో క్యాబిన్ క్రూ. ఏ సంస్థ అన్నది మనకు అక్కర్లేదు. ఈ చర్చ అమెరికాలో చాలాచోట్ల జరిగిందే. కొత్త వేతన ఒప్పందంలో యాజమాన్యం ఒక షరతు పెట్టింది. నెలవారీ డ్యూటీలు ఇకపై పాత పద్ధతిలో ఉండవు, ప్రిఫరెన్షియల్ బిడ్డింగ్ సిస్టమ్‌లో వేస్తాం అంది. పొట్టిగా పీబీఎస్. ఒప్పుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికే ఈ సభ.

మీ పక్కన కూర్చున్నావిడకు అరవై దాటి ఉంటాయి. ఒళ్లో మందపాటి కాగితాల కట్ట. "ఇది చూడండి" అని మీ వైపు తిప్పుతుంది. డిసెంబరు నెల. వరసకు ముప్ఫై ఒక్క గళ్లు, ఎడమ పక్కన లైన్ నంబరు. మూడో తేదీ నుంచి ఆరో తేదీ దాకా అడ్డంగా ఒక గీత, దాని కింద డెన్వర్, శాన్ డియేగో, బోస్టన్. అది నాలుగు రోజుల ట్రిప్. షికాగోలో బయల్దేరి, మూడు రాత్రులు మూడు ఊళ్లలో పడుకుని, మళ్లీ షికాగోకే చేరాలి. తర్వాత నాలుగు గళ్లు ఖాళీ. మళ్లీ గీత. వరస చివర క్రెడిట్ గంటలు, అంటే జీతం లెక్కకు వచ్చే గంటలు, 82. కట్టంతా ఇలాంటి వరసలే. ఒక్కో వరస ఒక్కో మనిషి నెల. ఆవిడ పసుపు రంగు పెన్నుతో కొన్నిటి మీద గుర్తులు పెట్టుకుంది.

"నచ్చిన వరసలు ఒకటి, రెండు, మూడు అని రాసిస్తాను. నాకంటే సీనియర్లు ఎవరూ తీసుకోకపోతే అది నాది. నెల మొత్తం కళ్ల ముందుంటుంది. ఏ రోజు ఏ ఊళ్లో పడుకుంటానో బిడ్ వేసే ముందే తెలుసు."

ఇదీ లైన్ బిడ్డింగ్. దీనికి వెన్నెముక సీనియారిటీ, అంటే ఉద్యోగంలో చేరిన తేదీ. పనితీరుతో, పైవాళ్ల మెప్పుతో సంబంధం లేదు. అందుకే ఇక్కడివాళ్లకు అది ప్రాణం. కానీ పెళ్లిలో చివరి బంతికి కూర్చున్నవాళ్లకు ఏం మిగులుతుందో, కొత్తగా చేరినవాళ్లకూ అదే మిగులుతుంది. క్రిస్మస్ రోజు డ్యూటీ, తెల్లవారుజామున నాలుగింటికి రిపోర్ట్, లేదంటే అసలు లైనే లేని రిజర్వ్.

వేదిక మీద దీపాలు తగ్గాయి. యూనియన్ షెడ్యూలింగ్ కమిటీ నుంచి వచ్చినావిడ తెర మీద పీబీఎస్ నమూనా తెరిచింది. ఇక్కడ గీతలు లేవు, ముందే కట్టిన వరసలు లేవు. ఉన్నవి ట్రిప్పులు, మీ కోరికలు. ఆవిడ టైపు చేస్తోంది. 24, 25 తేదీలు సెలవు కావాలి. తెల్లవారి ఆరు లోపు రిపోర్ట్ ఉన్న ట్రిప్ వద్దు. హొనొలులులో రాత్రి బస ఉన్న ట్రిప్ ఉంటే ఇవ్వు. వరసగా నాలుగు రోజులకు మించి పని వద్దు.

"పై నుంచి కిందికి చదువుతుంది" అంటూ రెండో కోరికను మొదటి స్థానంలోకి జరిపింది. మీట నొక్కింది. తెర మీద నెల మొత్తం మారిపోయింది. హొనొలులు పోయి ఫీనిక్స్ వచ్చింది. హాల్లో ఒక్కసారిగా గుసగుసలు. అడిగే వరస కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని అందరికీ ఒకేసారి అర్థమైంది.

యంత్రం ఎలా పనిచేస్తుందో ఆవిడ ఓపిగ్గా చెబుతోంది. అందరికంటే సీనియర్‌తో మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ నెల కట్టుకుంటూ కిందికి వస్తుంది. ఒకరికి అడిగింది ఇచ్చే ముందు ప్రతిసారీ ముందుకు చూసుకుంటుంది. ఇది ఇచ్చేస్తే, మిగిలిన మనుషులతో మిగిలిన ట్రిప్పులన్నీ నిబంధనల ప్రకారం నడుస్తాయా? నడవవని తేలితే ఇవ్వదు. సీనియర్ అయినా సరే. ఈ లెక్క చిన్నదేం కాదు. ఒక్క మనిషికి ఒక్క నెలలో కట్టగల షెడ్యూళ్లే లెక్కకు అందనన్ని. వాటన్నిటినీ రాసుకుంటూ కూర్చోకుండా, పనికొచ్చేవాటినే పుట్టించుకుంటూ పోయే గణిత పద్ధతి ఒకటుంది. ఎయిర్ కెనడా కోసం దాన్ని ఎలా వాడారో మిషెల్ గమాష్, ఫ్రాంస్వా సూమిస్, వారి సహచరులు 1998లో 'ట్రాన్స్‌పోర్టేషన్ సైన్స్' పత్రికలో వివరించారు. ఈ రంగంలో పేరున్న మాంట్రియల్ సంస్థ యాడ్ ఆప్ట్‌ను 2019లో తిరువనంతపురంలో పుట్టిన ఐబీఎస్ సాఫ్ట్‌వేర్ కొనుక్కుంది. ఎక్కడో మబ్బుల్లో తిరిగేవాళ్ల సెలవు రోజుల లెక్కలో మన దేశంలో పుట్టిన కంపెనీకీ ఇప్పుడు చెయ్యి ఉందన్నమాట.

సియాటిల్ నుంచి దిగినాయన లేచాడు. మైకు తీసుకోలేదు. నేరుగా వేదిక పక్కనున్న తెల్ల బోర్డు దగ్గరికి వెళ్లి అంకెలు వేయడం మొదలుపెట్టాడు.

"10 నుంచి 16 దాకా నా వార్షిక సెలవు. ఏడు రోజులు. ఇప్పుడు నేనేం చేస్తాను? 7 నుంచి 10 దాకా ఒక ట్రిప్, 16 నుంచి 19 దాకా ఇంకో ట్రిప్ ఉన్న లైన్ వెతుక్కుంటాను." రెండు గీతలు గీశాడు. సెలవు మొదటి రోజును ఒకటి, చివరి రోజును ఒకటి తాకుతున్నాయి. "సగం ట్రిప్ చేసి నడిమధ్యలో దిగిపోలేను కదా. రెండూ నా లైన్‌లోంచి తీసేస్తారు. 7 నుంచి 19. పదమూడు రోజులు ఇంట్లో ఉంటాను. పీబీఎస్‌కు నా సెలవు ముందే తెలుసు. ఒక ట్రిప్ 9న ముగిస్తుంది, ఇంకోటి 17న మొదలెడుతుంది. నా ఏడు రోజులు ఏడే. మిగతా ఆరు ఎవరు పట్టుకెళ్లారు?"

చప్పట్లు. ఈ రాత్రి గొడవంతా ఆ బోర్డు మీదుంది. తెరలు, కోరికలు, హొనొలులు అన్నీ దాని తర్వాతే. లైన్లలోంచి జారిపోయిన ట్రిప్పులకు ఎవరో ఒకరు వెళ్లాలి. అందుకోసం కంపెనీ అదనంగా మనుషుల్ని పెట్టుకోవాలి. పీబీఎస్ ఆ జారుడును ఆపేస్తుంది. వేల మంది సిబ్బందికి, పన్నెండు నెలలకు దీన్ని లెక్కగట్టండి. అవే విమానాలు తక్కువ మందితో నడుస్తాయి. యాజమాన్యాలు పీబీఎస్ కావాలని పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే. మీ కోరికలు తీరుస్తాం అన్నది పైపూత.

అప్పుడు మీ ముందు వరసలోని అమ్మాయి చెయ్యెత్తింది. ఉద్యోగంలో చేరి మూడో ఏడు.

"మీ పదమూడు రోజుల కోసం ఆ ట్రిప్పులకు వెళ్లేది నేనండీ. రిజర్వ్‌లో కూర్చున్న నేను. మా అమ్మకు మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. రెండు రోజులు అన్నయ్య చూసుకుంటాడు. నాకు కావాల్సింది మంగళవారం ఒక్కటి. ఈ కాగితాల కట్టలో నా సీనియారిటీకి అందే మంగళవారాల లైన్ ఒక్కటీ ఉండదు. పీబీఎస్‌లో కనీసం అడగనిస్తారు కదా?"

హాలు ఒక్క క్షణం ఏమనాలో తోచక ఊరుకుంది. బోర్డు దగ్గరాయన ఆమె వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. "అడగొచ్చమ్మా. కానీ నిన్ను రిజర్వ్‌కు తీసుకుందే మా ట్రిప్పులు జారిపోతున్నాయి కాబట్టి. అవి జారకపోతే, మూడేళ్ల కిందట నీకు ఈ ఉద్యోగం వచ్చేదా?"

ఇద్దరి మాటా నిజమే. ఒకరికి కలిసివచ్చిన రోజులు ఇంకొకరికి కోల్పోయిన రోజులు. వాటి వల్లే మూడో మనిషికి కొలువు దొరుకుతోంది. అయినా నా మనసు ఆ అమ్మాయి వైపే మొగ్గుతుంది. పాత పద్ధతిలో ఉన్న మేలు ఇరవై ఏళ్లు ఓపిక పట్టినవాళ్లకు అందుతుంది. తల్లి డయాలసిస్ ఇరవై ఏళ్లు ఆగదు.

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఆ యంత్రాన్ని నమ్మడం ఎలా? 2017 మరిచిపోయారా?" మరిచిపోయినవాళ్లు లేరు. ఆ ఏడు క్రిస్మస్ ముందు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ట్రిప్పులు వదులుకునే కంప్యూటర్ వ్యవస్థలో లోపం వచ్చింది. అడిగిన పైలట్లకల్లా సెలవు ఇచ్చేసింది. 15 వేలకు పైగా విమానాలకు పైలట్లు లేరని వాళ్ల యూనియన్ ప్రకటించింది. వచ్చి పనిచేస్తే ఒకటిన్నర రెట్లు జీతం ఇస్తామని కంపెనీ బతిమాలుకుంది. అది పీబీఎస్ కాదు, వేరే వ్యవస్థ. కానీ లెక్క లోపల ఏం జరుగుతోందో మనిషి చూడకపోతే పండగ పూట ఏమవుతుందో అది చూపించింది.

కమిటీ ఆవిడ ఇంకో పేజీ తెరిచింది. కారణాల నివేదిక. 24న సెలవు ఎందుకు దక్కలేదో ఒక్క ముక్కలో ఉంది: కవరేజ్. ఆ రోజు ట్రిప్పులకు సరిపడా జనం మిగలరు అని. మీ పక్కనావిడ కళ్లజోడు సవరించుకుని చదివింది. "నాకంటే జూనియర్‌కు 24న సెలవిచ్చి నాకు కవరేజ్ అంటే? ఎవరిని అడగాలి?"

మంచి ప్రశ్న. అలా జరగడానికి సరైన కారణం ఉండొచ్చు. ఆ జూనియర్ అప్పటికే గంటల పరిమితి చేరుకుని ఉండొచ్చు, లేదా శిక్షణలో ఉండొచ్చు. లేదా లెక్కే తప్పి ఉండొచ్చు. ఏదో తేల్చే అధికారం యూనియన్‌కు లేకపోతే ఆ ఒక్క ముక్క కాగితం ఎందుకూ పనికిరాదు.

ఇక్కడే కమిటీ ఆవిడ అసలు మీటల గురించి చెప్పింది. మీరు చూసే తెర వెనక కంపెనీ చూసే తెర ఇంకోటి ఉంటుంది. నెలకు ఒక్కొక్కరికి సగటున ఎన్ని గంటలు కట్టాలి అన్న అంకె అందులో ఉంటుంది. దాన్ని రెండు గంటలు పైకి జరిపితే అందరి నెలా బిగుసుకుంటుంది. కోరికలు ఎన్ని టైపు చేసినా దక్కేవి తగ్గిపోతాయి. అందులోనూ ఈ ఉద్యోగంలో డ్యూటీ గంట వేరు, జీతం గంట వేరు. తలుపు మూశాకే జీతం లెక్క మొదలవడం అమెరికాలో ఏళ్ల తరబడి ఆనవాయితీగా ఉంటూ వచ్చింది. ప్రయాణికుల్ని ఎక్కించుకునే సమయానికి సగం రేటైనా ఇవ్వడం డెల్టా మొదలుపెట్టింది 2022లో. కాబట్టి 80 క్రెడిట్ గంటల నెల అంటే 80 గంటల పని అనుకోకండి. ఇంటికి దూరంగా గడిపే కాలం దానికి కొన్ని రెట్లు.

ముందు వరసలో ఫోన్ మోగింది. అమ్మాయి లేచింది. రాత్రి తొమ్మిదిన్నరకు డాలస్ విమానం. స్కార్ఫ్ సర్దుకుని పెట్టె లాక్కుంటూ వెళ్లిపోయింది. రేపు సోమవారం. ఎల్లుండికి తిరిగొస్తుందో లేదో ఆమెకే తెలియదు.

ఇలాంటివాళ్లను చట్టం కొంత కాపాడుతుంది. 2018లో అమెరికా కాంగ్రెస్ చెప్పాక, 2022లో అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ క్యాబిన్ క్రూకు రెండు డ్యూటీల మధ్య పది గంటల విశ్రాంతిని ఖాయం చేసింది. అయితే చట్టం చెప్పేది కనీస విశ్రాంతే. దానికీ మనిషి బతుక్కీ మధ్య ఉన్న ఖాళీని పూరించేది షెడ్యూలే. మనకిది దూరపు సంగతేం కాదు. 2025 డిసెంబరులో శంషాబాద్ విమానాశ్రయంలో గంటల తరబడి పడిగాపులు పడ్డవాళ్లు ఇది చదువుతూ ఉండొచ్చు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి ల్యాండింగులను తగ్గించింది. ఆ నిబంధనలకు తగ్గట్టు ఇండిగో మనుషుల్ని, రోస్టర్లను సిద్ధం చేసుకోలేదు. దేశమంతటా వేల విమానాలు రద్దయ్యాయి. మనుషుల్ని అంచుదాకా బిగించి లెక్క కట్టుకుంటే, విశ్రాంతి కాస్త పెరిగినా మొత్తం కూలుతుంది.

సభ ముగింపుకు వచ్చింది. ఓటింగ్ వచ్చే నెల. మీ పక్కనావిడ కాగితాల కట్ట సంచిలో పెట్టుకుంటూ, "నేను వద్దనే వేస్తాను" అంది. బోర్డు దగ్గరాయన ఇంకా ఎవరికో అంకెలు చూపిస్తున్నాడు.

పీబీఎస్‌ను వద్దనడం నా ఉద్దేశం కాదు. మంగళవారం అడిగే అవకాశం ఇచ్చే పద్ధతి, అడగనివ్వని పద్ధతి కంటే మేలు. కానీ అది ఆదా చేసే రోజుల్లో సిబ్బందికి వాటా రావాలి, ఎక్కువ సెలవు దినాలుగానో, మెరుగైన వేతనంగానో. సగటు గంటల అంకెకు పై హద్దు ఒప్పందంలోనే రాసి ఉండాలి. ప్రతి నెలా ఫలితాన్ని యూనియన్ మనుషులు తనిఖీ చేసి, తప్పు తేలితే నష్టపరిహారం ఇప్పించగలగాలి.

ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఒక్క మాట. మీ సంస్థ కూడా ఏదో ఒక రోజు ఇలాంటి తెర చూపిస్తుంది. ఓటు వేసే ముందు మూడు నెలలు పాత పద్ధతితో పాటు కొత్తది కూడా పక్కపక్కనే నడిపి చూపించమనండి. సీనియర్ల ఫలితాలతో పాటు, జాబితాలో అట్టడుగున ఉన్నవాళ్ల ఫలితాలు కూడా బయట పెట్టమనండి. అవి చూశాకే సంతకం పెట్టండి.