అశ్లీలానికి నిర్వచనం: రాధికా సాంత్వనం నుంచి సెల్‌ఫోన్ దాకా

భారత శిక్షాస్మృతి 1860లో వచ్చింది. అశ్లీలమైన పుస్తకాలు, బొమ్మలు అమ్మినా, పంచినా, అమ్మకానికి దగ్గర ఉంచుకున్నా నేరమని అందులోని 292, 293 సెక్షన్లు చెప్పాయి. అశ్లీలమంటే ఏమిటో మాత్రం చెప్పలేదు. గుడి గోడల మీదా, దేవుణ్ని ఊరేగించే రథాల మీదా ఉన్న శిల్పాలకు, చిత్రాలకు మినహాయింపు ఇచ్చి, మిగతాది న్యాయమూర్తులకే వదిలేసింది. అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోని చోడవరం మద్రాసు ప్రెసిడెన్సీ కిందిది. అక్కడి సంతలో ఏ పుస్తకం అమ్మవచ్చో, ఏది కూడదో తేలేది మద్రాసులోనే.

నిర్వచనం ఇంగ్లండు నుంచి దిగుమతి అయింది. 1868లో హిక్లిన్ కేసులో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ ఒక కొలబద్ద పెట్టారు. చెడు ప్రభావాలకు లోనయ్యే మనసులను కలుషితం చేసే లక్షణం ఒక రచనలో ఉంటే, అది అలాంటివారి చేతుల్లో పడే వీలుంటే, అశ్లీలమే. ఈ కొలతలో పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా చదవనక్కర్లేదు, నాలుగు పద్యాలు ఏరి చూపిస్తే చాలు. రచయిత ఉద్దేశంతో పనిలేదు. చదివే సమర్థుణ్ని కాక, చెడిపోయే బలహీనుణ్ని మనసులో పెట్టుకుని తీర్పు చెప్పాలి. భారతదేశంలోని కోర్టులు ఈ సూత్రాన్ని దాదాపు నూటయాభై ఏళ్లు పట్టుకుని ఉన్నాయి.

తెలుగువారికి ఈ సూత్రం దెబ్బ తెలిసింది రాధికా సాంత్వనం విషయంలో. తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలో పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం ఇది. తాను పెంచిన ఇలను కృష్ణునికిచ్చి పెళ్లిచేసిన రాధ, ఆ తరువాత విరహంతో, అలకతో రగిలిపోతుంది. కృష్ణుడు వచ్చి బుజ్జగిస్తాడు. శృంగారంలో కోరిక స్త్రీది, చొరవ కూడా స్త్రీదే కావడం ఈ కావ్యం ప్రత్యేకత. 1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని భాగాలు లేవు. కందుకూరి వీరేశలింగం దీన్ని పచ్చి శృంగారమని తప్పుపట్టారు.

సంగీత విద్వాంసురాలు, దేవదాసి కుటుంబంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ చేతికి వేరే ప్రతి దొరికింది. ఆమె దాన్ని పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చువేయించారు. వీరేశలింగం విమర్శకు పీఠికలో ఎదురు జవాబిచ్చారు. పురుషులు రాసిన శృంగార ప్రబంధాలను మెచ్చుకునేవారికి ఒక స్త్రీ రాస్తే ఎందుకు కాని పని అయిందని ఆమె వాదం. 1911లో ప్రభుత్వ అనువాదకుడు ఆక్షేపణీయమనిపించిన పద్యాలను ఏరి ఇంగ్లీషులోకి మార్చి పై అధికారుల ముందు పెట్టాడు. హిక్లిన్ సూత్రానికి కావలసింది అదే: కథ, సందర్భం, అలంకారం అన్నీ రాలిపోయి మిగిలిన కొన్ని పంక్తులు. పోలీసులు ప్రతులు స్వాధీనం చేసుకున్నారు, పుస్తకం నిషేధానికి గురైంది. గుడి శిల్పానికి దొరికిన మినహాయింపు రాధాకృష్ణుల కావ్యానికి దొరకలేదు.

ఆ నిషేధం ముప్పై ఏళ్లకు పైగా సాగింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వాధినేతగా ఉండగా అది తొలగింది. 1952లో వావిళ్ల వారు కావ్యాన్ని మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. మరుసటి సంవత్సరం ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి చోడవరం మద్రాసు నుంచి విడిపోయింది. రాష్ట్రం మారినా సెక్షన్లు మారలేదు.

స్వతంత్ర భారత సుప్రీంకోర్టు కూడా హిక్లిన్ సూత్రాన్ని వెంటనే వదలలేదు. 'లేడీ ఛాటర్లీస్ లవర్' నవల అమ్మినందుకు బొంబాయిలోని ఒక పుస్తకాల కొట్టు యజమానికి పడిన శిక్షను 1964లో రంజిత్ ఉదేశీ కేసులో ఖాయం చేసింది. నగ్నత్వమున్నంత మాత్రాన అశ్లీలం కాదని జస్టిస్ హిదాయతుల్లా ఆ తీర్పులోనే చెప్పారు. 1969లో పార్లమెంటు 292వ సెక్షన్‌ను సవరించి, కామాన్ని రెచ్చగొట్టేది, విపరీతమైన కామాసక్తికి మేత వేసేది, చూసేవారిని చెడగొట్టేది అశ్లీలమని రాసింది. సాహిత్యం, కళ, శాస్త్రం, విద్య వంటి ప్రజాప్రయోజనం కోసం వచ్చినవాటికి మినహాయింపు చేర్చింది. అంటే, కోర్టు పుట్టించిన నిర్వచనం చట్టంలోకి ఎక్కడానికి 101 ఏళ్లు పట్టింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు హిక్లిన్ సూత్రాన్ని పక్కనపెట్టి, ఈనాటి సమాజం ప్రమాణాలతో రచన మొత్తాన్ని చూడాలంది. 2024లో ఒక వెబ్ సిరీస్ కేసులో బూతు మాట వేరు, అశ్లీలం వేరని గీత గీసింది.

ఈలోగా అశ్లీలం అచ్చు కాగితాన్ని దాటింది. దేశంలో ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలై, కొన్నేళ్లకు చోడవరం వంటి పట్టణాలకు నెట్ సెంటర్ల రూపంలో చేరింది. 2000లో వచ్చిన సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షన్, శిక్షాస్మృతిలోని నిర్వచనాన్నే తీసుకుని ఎలక్ట్రానిక్ రూపానికి తగిలించింది. 2004లో చెన్నై ఎగ్మోర్ కోర్టు ఈ సెక్షన్ కింద తీర్పు చెప్పి ఒకరిని శిక్షించింది. ఒక స్త్రీ పేరు, ఫోన్ నంబరుతో అసభ్య సందేశాలు పెట్టినందుకు ఆ శిక్ష. ఈ చట్టానికి 2008లో చేసిన సవరణలు 2009 అక్టోబరు 27న అమల్లోకి వచ్చాయి. లైంగిక చర్యను చూపే దృశ్యాలను పంచితే 67ఎ కింద అయిదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. పిల్లల దృశ్యాలకు 67బి ఉంది. ఈ సెక్షన్ ప్రకారం వాటిని వెతకడం, చూడడం, దాచుకోవడం కూడా నేరమే. ఒకరి అనుమతి లేకుండా వారి దేహంలోని గుప్తభాగాలను చిత్రీకరిస్తే 66ఇ వర్తిస్తుంది. కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి దర్యాప్తు చేయవచ్చని కూడా అప్పుడే మార్చారు. అంతకు ముందు డీఎస్పీ కావాల్సి వచ్చేది.

2011లో నెట్ సెంటర్లకు విడిగా నియమాలు వచ్చాయి. క్యాబిన్ల మధ్య అడ్డుగోడ నేల నుంచి నాలుగున్నర అడుగులకు మించకూడదు. క్యాబిన్ లేని కంప్యూటర్ల తెరలు బయటికి కనిపించేలా ఉండాలి. ఎవరు ఏ గంటకు కూర్చున్నారో గుర్తింపు కార్డు చూసి రాసి, ఆ వివరాలు ఏడాది పాటు దాచాలి. అశ్లీల సైట్లు చూడరాదన్న బోర్డు కూడా కనిపించాలి. 2016లో డేటా చవకై తెర ప్రతి చేతిలోకి వచ్చాక, ఈ కొలతల గోడలకు పని తగ్గింది.

ప్రభుత్వం సైట్లనే మూసే దారీ పట్టింది. 2013లో కమలేశ్ వాస్వానీ అనే న్యాయవాది అశ్లీల సైట్లన్నీ ఆపాలని సుప్రీంకోర్టుకెళ్లారు. 2015 జూలై 31న టెలికాం శాఖ 857 సైట్లను నిలిపివేయమని ఆదేశించి, విమర్శలు రావడంతో కొన్ని రోజుల్లోనే వెనక్కి తగ్గింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో అదే జాబితాలోంచి 827 సైట్లను మూయించారు. పెద్దల దృశ్యాలను పెద్దలు ఏకాంతంగా చూడడాన్ని మాత్రం ఏ సెక్షనూ నేరం చేయలేదు.

చట్టం దృష్టి మారడానికి తెలుగు నేల మీది ఒక ఉత్తరం కూడా కారణం. హైదరాబాద్‌లోని ప్రజ్వల సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్, 2015 ఫిబ్రవరిలో ప్రధాన న్యాయమూర్తి హెచ్.ఎల్.దత్తుకు ఉత్తరం రాశారు. స్త్రీలపై అత్యాచారం చేస్తూ తీసిన రెండు వీడియోలు వాట్సాప్‌లో చక్కర్లు కొడుతున్నాయని తెలిపి, వాటిని జత చేశారు. సుప్రీంకోర్టు దాన్ని తనంతట తానే కేసుగా స్వీకరించింది. అందులో అశ్లీలమంటే ఏమిటన్న పాత ప్రశ్న లేదు. వీడియో ఎవరి మనసును చెడగొడుతుందని కాక, ఎవరి బాధను పంచిపెడుతున్నారన్నదే అక్కడి ప్రశ్న. గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి సంస్థలూ, ప్రభుత్వమూ కలిసి కూర్చుని పరిష్కారం వెతకాల్సి వచ్చింది. 2018 సెప్టెంబరు 20న సైబర్ నేరాల ఫిర్యాదుల జాతీయ పోర్టల్ ఆరంభమైంది.

ఈ దృష్టి అంతకు ముందూ తరువాతా వచ్చిన చట్టాల్లోనూ కనిపిస్తుంది. ఫొటో తీసుకోవడానికి ఒప్పుకున్న స్త్రీ, దాన్ని పంచడానికి ఒప్పుకోకపోతే, పంచినవారిది నేరమని 2013 నాటి శిక్షాస్మృతి సవరణ చెప్పింది. తమ నగ్న దృశ్యం ఎక్కడో ఉందని బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో సంస్థ దాన్ని తీసేయాలని 2021లో వచ్చిన నిబంధనలు చెప్పాయి. పిల్లల విషయంలో 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఒక మాటను సరిదిద్దింది. ఇక నుంచి దాన్ని 'బాలల అశ్లీల చిత్రం' అనకూడదు, బాలలపై లైంగిక దోపిడీ, అత్యాచారాల సామగ్రి అనాలి. దాచుకున్నా నేరమేనని తేల్చి చెప్పింది.

2022 ఏప్రిల్ 4 నుంచి చోడవరం అనకాపల్లి జిల్లాలో ఉంది. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలవుతోంది. అందులో 294వ సెక్షన్ పాత 292కు వారసురాలు, ఎలక్ట్రానిక్ రూపమూ దీనిలోనే ఉంది. గుడికీ రథానికీ ఇచ్చిన మినహాయింపు ఈ కొత్త సెక్షన్‌లోనూ కొనసాగుతోంది. వాట్సాప్ గ్రూపులో వచ్చిన అశ్లీల దృశ్యాన్ని మరో గ్రూపుకు పంపడం కూడా చట్టం దృష్టిలో పంచడమే. అలాంటిది కంటపడితే పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఊళ్లోని స్టేషన్‌కూ వెళ్లవచ్చు. నేరం ఎక్కడ జరిగిందన్న మీమాంస లేకుండా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిన బాధ్యత ఏ స్టేషన్‌కైనా ఉంది.