పాత అణా, కొత్త సిలబస్

మా ఇంట్లో ఊరగాయ జాడీల వెనకాల ఒక రేకుడబ్బా ఉండేది. అమ్మ పోయినాక అది నా వాటాకు వచ్చింది. నగలేమైనా ఉంటాయేమోనని మా మరదలు పక్కనే నిలబడి చూసింది. మూత తీస్తే ఏముంది, అణాకాసులు! అంచులు వంపులు తిరిగి పూలరేకుల్లా ఉంటాయే, అవి. పాపం, మరదలు మొహం చూడాల్సిందే.

ఆ డబ్బా మళ్ళీ నా చేతికి వచ్చింది 2017 ఎండాకాలంలో. మా అన్నయ్య మనవరాలు, అంటే నాకూ మనవరాలే, ఒక మధ్యాహ్నం రెండు కాగితాలు పట్టుకుని వచ్చి మా వరండాలో కూలబడింది. లింగాలలో వాళ్ళ ఇల్లు మాకు రెండు వీధుల అవతల. చీనీ తోట ఉంది, బోరు నీళ్ళ మీద బతుకు. ఆ తోట మీద వచ్చిన డబ్బుతోనే పిల్లను ఇంజనీరింగులో, కంప్యూటర్ల బ్రాంచిలో వేశారు. మూడో ఏడు మొదలయ్యేసరికి దానికి డెంగీ జ్వరం వచ్చింది. హాజరు నూటికి 75 ఉండాలి, జబ్బుచేసినవాళ్ళకైతే 65 దాకా క్షమిస్తారు. దీనికి అదీ లేదు. ఒక ఏడాది పోయింది.

"ఏడాది పోతే పోయిందిలే, ఆరోగ్యం దక్కింది" అన్నాను.

"ఏడాది గురించి కాదవ్వా. ఇప్పుడు నేను చేరే బ్యాచీకి సిలబస్సే మారిపాయ. నేను చదివినది ఆడ చెల్లుతాదో లేదో ఎవురికీ తెల్ల."

చెల్లడం అనే మాట వినగానే నాకు రేకుడబ్బా గుర్తొచ్చింది.

1957 ఏప్రిల్ 1న మన దేశంలో నయాపైసలు వచ్చాయి. నాకప్పటికి ఊహ సరిగ్గా తెలియదు. మా అమ్మ ఆ రోజుల గురించి చెప్పిచెప్పి నేనే బజారుకు వెళ్ళినట్టు అనిపిస్తుంది. అంతకుముందు రూపాయికి పదహారణాలు, అరవైనాలుగు పైసలు. కొత్తగా రూపాయికి నూరు నయాపైసలు. అంటే అణాకు ఆరుంపావు. పావు పైస నాణెం ఎక్కడిది? అందుకని సర్కారు ఒక పట్టిక వేసింది. అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, పావలాకు ఇరవైఐదు. ఇక మా అమ్మ లెక్క చూడండి. మూడణాల సరుకు ఒక్కసారి కొంటే పంతొమ్మిది పైసలు. అదే అణా చొప్పున మూడుసార్లు వెళ్ళి కొంటే పద్దెనిమిదే! ఆ ఒక్క పైస కోసం మమ్మల్ని మూడుసార్లు అంగడికి తిప్పేదట. నాకు లెక్కల టీచరు ఉద్యోగం ఊరికే రాలేదు.

అయితే ఒకటి. పట్టిక గోడకు అంటించినా, ఆ రాత్రికి రాత్రే పాత డబ్బు పనికిరాదని ఎవరూ అనలేదు. కొన్నేళ్ళు రెండూ చెల్లాయి. 'నయా' అనే మాటే 1964 దాకా నాణెం మీద ఉంది. ముసలమ్మలు అణాల్లో బేరమాడితే కోమటి పైసల్లో చిల్లర ఇచ్చేవాడు.

చదువుల విషయంలో ఈ పెద్దమనసు తక్కువ. నేను పి.యు.సి. చదివిన దాన్ని. పదకొండేళ్ళ స్కూలు, ఒక ఏడు పి.యు.సి., మూడేళ్ళ డిగ్రీ. నేను అది ముగించానో లేదో, 1969లో మన రాష్ట్రంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ పెట్టారు. మా నాన్నగారు నవ్వారు, ఎందుకంటే ఆయన చదువుకున్నదీ రెండేళ్ళ ఇంటర్మీడియట్టే! 1950ల్లో దాన్ని తీసి పి.యు.సి. పెట్టారు, మళ్ళీ పి.యు.సి.ని తీసి దాన్నే తెచ్చారు. మధ్యలో పి.యు.సి. అన్న నాలాంటి వాళ్ళం, పెళ్ళిచూపుల్లో "అంటే ఎంత చదివినట్టు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ గడిపాం.

ఇప్పటి పిల్లలకు అది ఇంకా తొందరగా మారుతుంది. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 1972లో హైదరాబాదులో మొదలైంది. 2006లో మా పులివెందులలోనే దాని ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 2008లో విశ్వవిద్యాలయం చీలి, మా సీమకు అనంతపురం దిక్కయింది. అక్కడ సిలబసులకు పేర్లు పెట్టరు, నంబర్లు పెడతారు. ఆర్ 09, ఆర్ 13, ఆర్ 15, ఆర్ 19, ఆర్ 20, ఆర్ 23. ఏ ఏడు చేరినవాళ్ళతో మొదలైతే ఆ అంకె. పద్నాలుగేళ్ళలో ఆరు! ఆర్ 13లో మొదటి ఏడంతా ఒకే ముద్ద, ఆర్ 15కు వచ్చేసరికి అది రెండు సెమిస్టర్లుగా విడిపోయింది. మార్చడం తప్పని నేను అనను. కంప్యూటర్ల చదువు మారకపోతే పిల్లలు మ్యూజియంలో ఉద్యోగాలు వెతుక్కోవాలి.

నిబంధనల పుస్తకం చివర 'ట్రాన్సిటరీ రెగ్యులేషన్స్' అని ఒక చిన్న భాగం ఉంటుంది. హాజరు చాలక ఆగిపోయినవాళ్ళు మిగిలిపోయిన సెమిస్టరులో చేరవచ్చు, అవే సబ్జెక్టులు గానీ వాటికి సమానమైనవి గానీ చదవాలి, అప్పటినుంచి కొత్త బ్యాచీ నిబంధనలే వర్తిస్తాయి అని దాని సారం. మొత్తం మీద నాలుగేళ్ళ చదువుకు ఎనిమిదేళ్ళ గడువు. న్యాయంగానే ఉంది కదా? కానీ 'సమానమైనవి' అన్న ఆ ఒక్క మాట దగ్గర పిల్లలకు గుండె ఆగుతుంది. పేరు ఒకటే ఉండి లోపల వేరేది ఉండవచ్చు, పేరు వేరై లోపల అదే ఉండవచ్చు.

"కంప్యూటర్ నెట్‌వర్క్స్ అని రెండిట్లోనూ ఉండాది. ఆగిపోయేలోపల నేను మూడు యూనిట్లు చదివినాను. కొత్తదాంట్లో మొదటి యూనిట్ చూస్తే ఒక్క ముక్క అర్థం కాల్యా" అంది.

నాకు నెట్‌వర్కంటే సెల్‌ఫోనులో గీతలు తప్ప ఏమీ తెలియదు. అయినా పట్టిక వేయడం తెలుసు. పాత పేపరు పరిచి, రెండు సిలబస్ కాగితాలూ పక్కపక్కన అన్నం మెతుకులతో అతికించాను. ఎర్ర పెన్సిల్ దాని చేతికిచ్చి, "ఒక్కొక్క మాటా నాకు అర్థమయ్యేలా చెప్పు, చెప్పినాక అది అవతలి కాగితంలో ఎక్కడుందో వెతుకు. దొరికితే గీత గియ్యి" అన్నాను.

మొదటి రోజు రెండు గీతలు పడ్డాయి. రెండో రోజు కిటుకు దానికే తెలిసింది. కంప్యూటర్ల మధ్య మాట పోవడాన్ని అంతస్తులుగా చెబుతారట. అడుగున తీగ, దానిమీద తీగలో పోయే సంకేతం, పైన చిరునామా, ఆపైన జాబు క్షేమంగా చేరిందా లేదా అన్న పూచీ, అన్నిటికన్నా పైన మనం తాకే మెయిలూ అవీ. టానెన్‌బామ్ అనే ఆయన పుస్తకం 1981 నుంచీ ఉంది, అది తీగ దగ్గర మొదలై పైకి ఎక్కుతుంది. కురోస్, రాస్ అని ఇద్దరు 2000లో రాసినది మెయిలు దగ్గర మొదలై కిందికి దిగుతుంది. దీని పాత కాగితం మెట్లెక్కేది, కొత్త కాగితం మెట్లు దిగేది. ఇల్లు మాత్రం అదే! అది చదివిన మూడు యూనిట్లూ కొత్త కాగితం చివర్లో కూర్చుని ఉన్నాయి.

"అవ్వా, మిద్దె మీదినుంచి లోపలికి దూరినట్టు ఉండాది" అని నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూసి ఏడాదైంది.

అన్నీ అలా కుదరలేదు లెండి. చిరునామాల పాఠంలో పాత కాగితం ఎ, బి, సి అని తరగతులు చెప్పింది. అసలు ఆ పద్ధతిని 1993లోనే పక్కన పెట్టారట, మన సిలబసులు మాత్రం చాలాకాలం మోశాయి. అక్కడ గీత గీయలేక, అణా పట్టికలాగా పక్కన రాసుకున్నాం, పాత లెక్క ఇది, కొత్త లెక్క ఇది అని. ఇంకొక సబ్జెక్టు, జూనియర్లు రెండో ఏట చదివేసినది, దీనికి అసలే లేదు. దానికి గీతా లేదు, పట్టికా లేదు. కూర్చుని చదవడమే. రెండు నెలలు రోజూ సాయంత్రం పులివెందులకు బస్సులో వెళ్ళి, ఒక సీనియరు అమ్మాయి దగ్గర చెప్పించుకుంది. వాళ్ళ నాన్న తోటకు నీళ్ళు కట్టి, రాత్రి బస్సుకు ఎదురు వెళ్ళేవాడు.

ఆ రోజుల్లోనే అది ఒక రాత్రి పుస్తకంలోంచి చదివి వినిపించిన సంగతి నేను మరిచిపోలేను. ఇంటర్నెట్టుకు తల్లిలాంటి ఆర్పానెట్ అమెరికాలో మొదట ఎన్.సి.పి. అనే భాష మాట్లాడేది. దాన్ని టి.సి.పి./ఐ.పి.కి మార్చాలనుకున్నారు. జాన్ పోస్టెల్ అనే ఆయన 1981 నవంబరులో ఆ మార్పు ఎలా జరగాలో పథకం రాసి అందరికీ పంచాడు. ఏడాది పొడుగునా రెండు భాషలూ నడవాలి, రెండూ తెలిసిన యంత్రాలు మధ్యన దుబాసీ పని చెయ్యాలి అన్నాడు. 1982లో మొద్దునిద్ర లేపడానికి ఒక రోజు పాత భాషను ఆపి చూశారు, ఆ తర్వాత రెండు రోజులు ఆపారు. 1983 జనవరి 1న పూర్తిగా మారిపోయారు. మారినవాళ్ళు 'మార్పులో బతికి బయటపడ్డాను' అని బిళ్ళలు చేయించుకుని చొక్కాలకు పెట్టుకున్నారట! యంత్రాలకు ఇంత ముందుచూపు చేశారే, మన పిల్లలకో అనుకున్నాను.

మన దేశంలో 1986లో మొదలైన ఎర్నెట్ కూడా మొదట్లో రెండు రకాల భాషలతోనూ నడిచింది. ఏది నిలుస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1995 తర్వాత దాదాపు అంతా టి.సి.పి./ఐ.పి. అయిపోయింది. చిరునామాలూ అంతే. పాతవి మొత్తం 429 కోట్లు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ ఖజానాలో ఉన్న చివరి కట్టలు పంచేశారు. కొత్త రకం వచ్చింది. అయినా ఈనాటికీ పాతవీ కొత్తవీ పక్కపక్కనే నడుస్తున్నాయి, ఒకే ఇంట్లో అత్తాకోడళ్ళలాగా.

మనవరాలు 2019లో పాసైంది. బెంగుళూరు వెళ్ళి సిస్కో వాళ్ళ సి.సి.ఎన్.ఎ. పరీక్షకు కట్టింది. ఫీజు తక్కువేం కాదు, అందుకని రెండు సగాలుగా రాద్దామనుకుంది. ఆ జూన్‌లోనే కంపెనీ చెప్పింది, 2020 ఫిబ్రవరి 24 నుంచి సగాల పద్ధతి ఉండదు, ఒకే పరీక్ష, పాత పాఠాలు కొన్ని తీసి కొత్తవి కలుపుతామని. ఆ తేదీలోపు రెండో సగం పూర్తి చేయనివాళ్ళకు మొదటి సగం పాసైనా సి.సి.ఎన్.ఎ. సర్టిఫికెట్ లేదు, మొత్తం మళ్ళీ రాసుకోవాలి. నాకు ఫోన్ చేసింది. గొంతులో భయం లేదు.

"రెండు కాగితాలూ అంటించేసినా అవ్వా. ఇప్పుడు రాసేస్తే పాతది చాలు, ఆగితే కొత్తవి ఎన్ని చదవాలో గీతలు చెప్పినాయి. జనవరిలో రాసేస్తా."

రాసింది, పాసైంది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి లింగాలకు వచ్చేసినప్పుడు, రేకుడబ్బాలోంచి ఒక అణాకాసు అడిగి తీసుకుంది. బిళ్ళ లేదు కదా, ఇదే పెట్టుకుంటానంది.

మొన్న వాళ్ళ వీధిలో ఇంకొక అమ్మాయి వచ్చింది. ఆర్ 20లో చేరి, కాన్పు కోసం ఆగిపోయి, ఇప్పుడు ఆర్ 23 వాళ్ళతో కూర్చోవాలట. చంకలో పిల్లాడు. "మీ దగ్గర ఏదో పట్టిక ఉందంట కదమ్మా" అంది. అటక మీదినుంచి మా పాత పట్టిక దింపించాను. మెతుకులతో అతికించిన మేరా బొద్దింకలు కొరికేశాయి. ఉన్నా దానికి పనికొచ్చేదీ కాదు, దాని నంబర్లు వేరు. పిల్లాణ్ణి నేను ఎత్తుకుని, పాత పేపరు పరవమన్నాను. ఈసారి మెతుకులొద్దు, అంగడికి పోయి జిగురు సీసా తెమ్మని మా వాడికి చెప్పాను.