ఆగస్టు ఏడో నెల ఎలా అయింది?

జావాస్క్రిప్టులో ‘న్యూ డేట్(2024, 8, 15)’ అని రాసి చూడండి. స్వాతంత్ర్య దినం రాదు, సెప్టెంబరు 15 వస్తుంది. ఆగస్టు కావాలంటే 8 తీసి 7 వెయ్యాలి. జనవరి సున్నా, డిసెంబరు 11. సంవత్సరం మామూలే, తేదీ మామూలే, మధ్యలో నెల ఒక్కదానికే ఈ తిక్క. నేర్చుకునే రోజుల్లో నాకూ తగిలింది. కోడు నాలుగుసార్లు తిరగేసి, తప్పు దొరక్క, కంప్యూటరు గడియారం తేడాగా ఉందేమోనని దాన్ని కూడా సరిచేశాను. పక్క సీటు సీనియరు తెర వంక ఓ చూపు చూసి, “మైనస్ వన్ కొట్టు బాబూ” అని టీకి వెళ్ళిపోయాడు. ఎందుకు కొట్టాలో ఆయనా చెప్పలేదు.

ఆ ‘మైనస్ వన్’ వెనక మూడు తరాల కథ ఉంది.

1995 మేలో కాలిఫోర్నియాలోని నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాషకు తొలి నమూనా తయారుచేశాడు. ముందు మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు, డిసెంబరుకల్లా జావాస్క్రిప్ట్ అని స్థిరపరిచారు. అప్పట్లో సన్ కంపెనీ వారి జావా ఊపు మీదుంది. పైవాళ్ళ ఆదేశం ఒకటే: చూడ్డానికి జావాలా ఉండాలి. తేదీల లెక్క అసలే చిక్కు వ్యవహారం, కూర్చుని కొత్తగా ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. జావాలో అప్పటికే ఉన్న డేట్ కోడును కెన్ స్మిత్ అనే సహోద్యోగి మక్కీకి మక్కీ ఇటు దించాడు. సున్నా జనవరి కూడా దాంతోపాటే దిగింది.

జావా మాత్రం ఎక్కడ తెచ్చుకుంది? సి భాష నుంచి, యూనిక్స్ నుంచి. అక్కడ తేదీని విడగొట్టి దాచుకునే ఒక పెట్టె ఉంటుంది. అందులో రోజు 1 నుంచి 31. నెల 0 నుంచి 11. వారం 0 నుంచి 6, ఆదివారం సున్నా. సంవత్సరమేమో 1900 నుంచి ఎన్నోది అన్న లెక్క. పైకి పిచ్చిగా కనిపిస్తుంది గానీ, సి రాసేవాడికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. నెలకూ వారానికీ పేర్లున్నాయి, రోజుకు లేదు. పేర్లన్నీ ఒక పట్టీలో వరసగా పెడితే, సి భాషలో పట్టీ మొదటి గది నంబరు సున్నా. కాబట్టి నెల సున్నా అయితే తిన్నగా వెళ్ళి ‘జాన్’ అనే పేరు తీసుకోవచ్చు. మన అపార్ట్‌మెంట్లలో గ్రౌండ్ ఫ్లోర్ దాటాకే ఫస్ట్ ఫ్లోర్ వచ్చినట్టు. లిఫ్టులో దీనికి ఎవరూ తికమకపడరు. పెళ్ళి పత్రిక మీద నెల వేసేటప్పుడే వస్తుంది తంటా.

1900 నుంచి లెక్కపెట్టే అలవాటు మాత్రం ఐదేళ్ళు తిరక్కుండానే పరువు తీసింది. జావాస్క్రిప్టులో ‘గెట్‌ఇయర్’ అని అడిగితే 1995లో 95 ఇచ్చేది. చాలామంది దాని ముందు ‘19’ అతికించి పేజీలో చూపించేవారు. 2000 జనవరి 1న అది బుద్ధిగా 100 ఇచ్చింది. ముందున్న ‘19’ అంకె కాదు, అక్షరాల ముక్క. ఒకవైపు అక్షరాలుంటే ఈ భాషలో ప్లస్ గుర్తు కూడదు, అతికిస్తుంది. ఆ రోజు ఎన్నో వెబ్‌సైట్లలో సంవత్సరం 19100.

కన్నవాళ్ళు అప్పటికే చేతులు దులుపుకున్నారు. 1997లో వచ్చిన జావా 1.1లోనే డేట్‌లోని చాలా పద్ధతులను ‘ఇక వాడొద్దు’ జాబితాలోకి నెట్టేశారు. పెంచుకున్నవాళ్ళకు ఆ వీలు లేకపోయింది. జావాస్క్రిప్ట్ లోకంలోని ప్రతి బ్రౌజరులోనూ ఉంది, దాన్ని నమ్ముకుని రాసిన పేజీలకు అంతులేదు. జనవరిని ఒకటి చేస్తే, జాగ్రత్తగా ‘మైనస్ వన్’ కొట్టినవాళ్ళందరి తేదీలూ ఒక నెల వెనక్కి పోతాయి. తప్పుకు అలవాటుపడినవాళ్ళ కోసం తప్పును అట్టే పెట్టడం అన్నమాట. అదే సరైన పని అని నేనూ ఒప్పుకుంటాను, ఒప్పుకుంటూనే విసుక్కుంటాను.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకొకటుంది. ఫారంలో వాడుకరి తేదీ ‘15-08-2005’ అని కొడతాడు. అది అక్షరాల వరస, దాన్ని ముక్కలు చేసి ‘08’ని అంకెగా మార్చాలి. ఆ పని చేసే ‘పార్స్‌ఇంట్’కు సి వారి మరో పాత ఆచారం అంటుకుంది: ముందు సున్నా ఉంటే అది ఎనిమిది మూలంగా రాసిన సంఖ్య. ఆ లెక్కలో 8, 9 అనే అంకెలే ఉండవు. కాబట్టి ‘07’ అంటే 7 వచ్చేది, ‘08’ అంటే చాలా పాత బ్రౌజర్లలో సున్నా వచ్చేది. దానికి మన ‘మైనస్ వన్’ కొడితే -1. సున్నా జనవరి గనక -1 అంటే అంతకు ముందు డిసెంబరు. 2005 ఆగస్టు 15 కాస్తా 2004 డిసెంబరు 15 అయి కూర్చునేది, ఎర్రర్ అన్న మాటే లేకుండా. ‘10’ ముందు సున్నా లేదు కాబట్టి అక్టోబరు రాగానే అంతా సర్దుకునేది. ఏడాదిలో పది నెలలు బుద్ధిగా పనిచేసి, ఆగస్టు, సెప్టెంబరుల్లో మాత్రం పూనకం వచ్చే ప్రోగ్రాములు అలా పుట్టాయి. 2009 నాటి ప్రమాణంతో ఆ ఎనిమిది లెక్క పోయింది.

కాలమండలాల గొడవ ఇప్పటికీ ఉంది. అదే తేదీని ‘2024-08-15’ అని అక్షరాల్లో ఇస్తే నెల సరిగ్గా ఎనిమిదే, అయితే దాన్ని గ్రీనిచ్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాదులో అది తెల్లవారి ఐదున్నర, ఇబ్బందేమీ లేదు. డాలస్‌లో ఉన్న మన తెలుగువాడి తెర మీద అదే తేదీ ఆగస్టు 14 సాయంత్రం ఏడు గంటలు. పుట్టినరోజు ఒక రోజు ముందే వచ్చేస్తుంది. అడ్డగీతలకు బదులు ఏటవాలు గీతలు పెట్టి ‘2024/08/15’ అన్నారా, బ్రౌజర్లు దాన్ని స్థానిక సమయంగా తీసుకుంటాయి. గీత వాలితే రోజు మారిపోవడం నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

డేట్‌నొక్కదాన్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఇక్కడ 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. అది 1985 నాటి దశాంశాల ప్రమాణం సొత్తు, చాలా భాషల్లో ఇంతే. అక్షరాల సంగతికొస్తే, ‘శ్రీ’ పొడవు ఎంతని అడగండి: 4. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. మనకు ఒక్క అక్షరం, దానికి నాలుగు గళ్ళు. శ్రీనివాస్ గారి పేరులో మొదటి అక్షరం తీసి గుండ్రటి బొమ్మలో వెయ్యమంటే ఉత్త ‘శ’ వేసి ఊరుకుంటుంది.

డేట్ పోరు పడలేక జనం ‘మొమెంట్’ అనే లైబ్రరీ పంచన చేరారు. అందులోనూ నెలలు సున్నా నుంచే. ఆ బృందంలోని మ్యాగీ పింట్ తదితరులు 2017లో భాషలోపలే కొత్త ఏర్పాటు ఉండాలని ప్రతిపాదించారు. పేరు టెంపోరల్. 2025 మేలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 139లో అది కనిపించింది. అందులో గడియారంతో పనిలేని ఉత్త తేదీ వేరు, మండలంతో కూడిన సమయం వేరు కాబట్టి డాలస్ పుట్టినరోజు జరగదు. జనవరి ఒకటి, ఆగస్టు ఎనిమిది.

డేట్ మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే బ్రౌజరులో, టెంపోరల్ పక్కనే, ఆగస్టును ఏడనే అంటోంది.