చూపరి అలసట - అరకు మ్యూజియం

విశాఖపట్నంలో తెల్లవారి బయలుదేరిన కిరండూల్ రైలు సొరంగాలన్నీ దాటి అరకు చేరేసరికి బాగా ప్రొద్దెక్కుతుంది. బొఱ్ఱా గుహల మెట్లు దిగి, ఎక్కి వచ్చినవారు మరికొందరు. ఇట్లా కాళ్ళు లాగుతూ గిరిజన మ్యూజియంలో అడుగుపెట్టిన మనిషికి తృప్తి కలగడం దేనిపై ఆధారపడి ఉన్నది? వస్తువుల సంఖ్య మీదనా, వాటి ప్రాచీనత మీదనా?

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన తొలివారిలో బోస్టన్ లలితకళల మ్యూజియం కార్యదర్శి బెంజమిన్ గిల్మన్ ఒకడు. మంచి చూపు గల ఒక వ్యక్తికి అక్కడి వస్తువులను గురించి కొన్ని ప్రశ్నలిచ్చి, జవాబుల కోసం అతడు వంగినప్పుడు, చతికిలబడినప్పుడు, మెడ సాచినప్పుడు ఫోటోలు తీయించినాడు. ఫలితాలను 1916లో ప్రకటించినాడు. తప్పు చూపరిది కాదు, అద్దాల బీరువాలది! కొంతసేపు శ్రమపడి, తరువాత ఏదీ సరిగా చూడకుండానే నడిచిపోవడం సహజమని తేలినది.

అంతకు ముందే, 1891లో, స్వీడన్ దేశీయుడు హజేలియస్ స్టాక్‌హోంలో మరొక దారి చూపినాడు. పల్లె ఇండ్లను విప్పి తెచ్చి ఆరుబయట తిరిగి నిలిపి, పనిముట్లను వాటి వాటి చోట్లనే ఉంచినాడు. దాని పేరు స్కాన్సెన్. వస్తువు తన తావున ఉన్నప్పుడు వివరణ పలక చాలావరకు అనవసరం.

మన కొండల చరిత్ర మాత్రం వేరుగా నడిచినది. ఇవి మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ పలు కులాల, తెగల మనుషుల తలలను, ముక్కులను కొలిచి లెక్కలు వ్రాసుకొన్నాడు. రంగాచారి సాయంతో 1909లో వెలువరించిన ఏడు సంపుటాలలో గదబలూ ఉన్నారు. అక్కడ కొండమనిషి చూడబడేవాడే కాని చూచేవాడు కాదు.

1996లో ఏర్పడిన అరకు మ్యూజియం రూపంలో స్కాన్సెన్‌కు దగ్గర. మట్టి గోడల కట్టడం. లోపల పెండ్లి, వేట, వంట, ధింసా నృత్యం బొమ్మలలో కనిపిస్తాయి. తిరగలిని చూచి "మా అమ్మమ్మ ఇంట్లో ఉండేది" అని పిల్లలకు చెప్పే తల్లికి కలిగే ఆనందం ఏ బీరువాలోనూ దొరకదు. చూపరి వెంట తెచ్చుకొన్న జ్ఞాపకాలు, తోడు వచ్చినవారు, ఆ చోటు - ఈ మూడూ కలిసియే అనుభవమవుతుందని ఫాక్, డియర్కింగ్ అనే అమెరికా పరిశోధకులు 1992లో వ్రాసినారు.

అయితే లోయలోని కొండదొర, పోర్జ, గదబ కుటుంబాలవారు కూడా చూపరులే. బొమ్మ మెడలో నగ తప్పుగా వేసినా, తుడుము పట్టుకొన్న తీరు కుదరకపోయినా గుర్తుపట్టగలిగేది వారే. చదువురాని అవ్వకు సందర్శకుల పుస్తకం ఉపయోగపడదు. ఆమె మాట విని, వ్రాసుకొని, బొమ్మను సరిదిద్దే మనిషి ఒకడు ద్వారం దగ్గర ఉండాలి.