ఎడమకు తిరిగిన విమానం

2016 జూలై 22 ఉదయం చెన్నై శివారు తాంబరం స్థావరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానిక దళపు ఏఎన్-32 రవాణా విమానం బంగాళాఖాతం మీద అదృశ్యమైంది. అందులో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపోకు చెందిన పౌర ఉద్యోగులు.

రాడార్‌కు చివరగా చిక్కిన దృశ్యాన్ని ప్రభుత్వమే వెల్లడించింది. 23 వేల అడుగుల ఎత్తున ఉన్న విమానం ఎడమకు తిరిగి, శరవేగంగా కిందికి జారింది. ఆ దృశ్యం పతనాన్ని చెబుతుంది గానీ, దాని కారణాన్ని చెప్పదు.

విమానాలు అదుపు తప్పే తీరుల్లో ప్రధానమైనది స్టాల్. గాలికి రెక్క నిలిచే కోణం హద్దు మీరితే అది విమానాన్ని మోయలేదు. ముక్కు దించి ఆ కోణాన్ని తగ్గిస్తే తేరుకోవచ్చు. అయితే అందుకు కొంత ఎత్తును వదులుకోవాలి. చిన్న ప్రైవేటు విమానాలకు సాధారణంగా కొరవడేది ఆ ఎత్తే. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయలుదేరిన నటి సౌందర్య ఎక్కిన సెస్నా, బెంగళూరులోని జక్కూరు నుంచి లేచిన కాసేపటికే కూలింది. నేలకు అంత చేరువలో ఏ లోపం తలెత్తినా సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. ఏఎన్-32కు మాత్రం నాలుగు మైళ్లకు పైగా ఎత్తు ఉంది. అయినా ఎందుకు తేరుకోలేదన్నదే అసలు ప్రశ్న.

ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని రక్షణ శాఖ ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. ఆ విమానం చేరవలసిన ఊరికి కొత్త పేరు వచ్చింది. ఆ కుటుంబాలకు రావలసింది జవాబు.

పౌర విమానం కూలితే, 2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ నివేదికను ప్రజల ముందుంచుతుంది. సైనిక విమానమైతే విచారణ సాధారణంగా ఆ దళపు గడప దాటదు. ఆయుధాల వివరాలు, ప్రయాణ ప్రయోజనాలు రహస్యంగానే ఉండవచ్చు. కానీ ప్రభుత్వ ఆజ్ఞపై విమానమెక్కిన పౌర ఉద్యోగి ఎలా మరణించాడన్నది దేశ రహస్యం కాజాలదు. సైనిక విమానంలో పౌరులు మరణిస్తే కారణాల సారాంశాన్ని పార్లమెంటు ముందుంచాలన్న నియమం కావాలి. ఆ నియమాన్ని కోరవలసినవారిలో మన ఎంపీలు ముందుండాలి.